తిన్నాక చెప్పేదేముంది

జూలై 2, మంగళవారం

లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ తీసేశారు. రిటైరైన నాటి నుంచీ నేను కూర్చునే కుర్చీ అది. ఆ చోట వాటర్ కూలర్ పెట్టారు. అడిగితే సెక్రటరీ, "పోరగాళ్లు పోటీ పరీక్షలకు చదువుతున్నరు కాకా, దూప అయితది గద" అన్నాడు. జన్మలో ఒక్క పుస్తకం కూడా చివరిదాకా చదివిన మనిషి కాదు. ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. ఈ డైరీ ఉన్నదే అందుకు. ఎదురుగా అనలేనివన్నీ ఇందులో అంటాను.

ఇంటికొస్తే ఆండాళ్ ముఖం వెలిగిపోతోంది. పుణె నుంచి అనుపమ ఫోన్ చేసిందట. మా అమ్మాయి కూతురు, బ్యాంకులో ఉద్యోగం. ఒకణ్ణి చూసుకుందట. పేరు నిలేశ్, కొంకణం వాడు. లిఫ్టులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసే పని. ఎక్కడం, దిగడం. అదీ ఒక ఉద్యోగమే.

మా అల్లుడు యోగేశ్‌కు సొంత మాట ఉండదు. మా అమ్మాయి కూడా ఆ ఇంటికెళ్లాక అట్లాగే తయారైంది. ఇద్దరూ కలిసి తేల్చిందేమిటంటే, తాతలిద్దరూ వెళ్లి ఆ ఇల్లు చూసి రావాలి, ఇద్దరూ ఒక్క మాట మీదికి వస్తే పెళ్లి, రాకపోతే లేదు.

ఇద్దరు తాతల్లో ఒకణ్ణి నేను. రెండోవాడు ధర్మాబాద్ శంకర్రావు, నా వియ్యంకుడు. బయట వాన పడుతోందా లేదా అన్న విషయం మీద కూడా మేమిద్దరం ఇంతవరకు ఒక్క మాట మీదికి రాలేదు. పిల్ల పెళ్లి అయిపోయినట్టే.

జూలై 4

శంకర్రావు సంగతి ఇదివరకు ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో. ఇంకోసారి రాస్తే అరిగిపోదు.

ఇరవై ఏడేళ్ల కిందట మా అమ్మాయిని చూడడానికి మా రైల్వే క్వార్టర్‌కు వచ్చాడు. మా వైపు పద్ధతి ఏమిటి? పిల్లను చూడవచ్చిన పెద్దమనిషి ఇష్టం లేకపోతే ఆ ఇంట్లో చేయి కడగడు, మంచినీళ్లు కూడా ముట్టడు. తిన్నాడంటే మాట ఇచ్చినట్టు. ఈ మహానుభావుడు తిన్నాడు. ఆండాళ్ వండిన గారెలు పళ్లెం ఖాళీ చేసి మళ్లీ వేయించుకుని మరీ తిన్నాడు. తిని, తువ్వాలుతో మూతి తుడుచుకుని, "పోయొస్తం బావా" అని పోయాడు. అంతే. శ్రావణంలో తిన్నవాడు కార్తీకం దాకా పలకలేదు. మాట ఇచ్చి వెనక్కి తీసుకోవడం లోకంలో ఉన్నదే. తిన్నది వెనక్కి తీసుకోవడం ఈయన దగ్గరే చూశాను. కార్తీకంలో ఏ గాలి మళ్లిందో తనే వచ్చి ముహూర్తం అడిగాడు. పిల్ల వయసు చూసి నోరు మూసుకున్నాను. మరిచిపోలేదు.

జూలై 6

ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో సంబంధాల మాట ఎత్తరు అని ఫోన్‌లో చెప్పాను.

"ఇది సంబంధం కాదు తాతా, ట్రిప్" అంది అనుపమ. "సముద్రం ఒడ్డున ఒక ఊరుంది. అది చూసి, గుట్ట మీద వాళ్ల పల్లెకు పోయి, సాయంత్రానికల్లా దిగొచ్చేద్దాం. వానాకాలం అక్కడ సీజన్ కాదు, జనం ఉండరు. రోడ్లన్నీ మనవే."

సముద్రం గురించి నేను తెలుగులో చదివాను, ఉర్దూలో చదివాను, మరాఠీలో, ఇంగ్లీషులో చదివాను. చూడలేదు. ఆ మాట దానికి చెప్పలేదు.

జూలై 10, బుధవారం. రైల్లో

నాందేడ్ నుంచి పన్వేల్ రైలు. గార్డుగా రిటైరైన వాణ్ణి కాబట్టి నాకు పాసు ఉంది. శంకర్రావు టికెట్ కొన్నాడు. అది కొంచెం సంతోషం.

జొన్నరొట్టెలు, పల్లీల కారం, వేయించిన మిరపకాయలు తెచ్చాడు. పూర్ణా దాటకముందే విప్పి, పర్భణీ వచ్చేసరికి ఇద్దరం మొత్తం లాగించేశాం. రేపటికి ఏమీ మిగల్లేదు. రొట్టెలు బాగున్నాయి. అవి వాళ్ల కోడలు, అంటే మా అమ్మాయి, చేసినవి. కాబట్టి ఆ మెప్పు మాదే.

తిన్నాక కాళ్లు చాపుకుని, "బావా, ఒక్క ముచ్చట ముందే చెప్తున్న" అన్నాడు. "ఆ ఇంట్ల మనం మంచినీళ్లు గూడ ముట్టొద్దు. ముట్టినమంటె మాట ఇచ్చినట్టే. ఇల్లు సూస్తం, పిలగాన్ని సూస్తం, లేచి అస్తం. మల్ల ఇంటికాడ కూసొని మాట్లాడుకుందం. నువ్వు మాటియ్యి, నేనిస్త."

ఈ మాట అంటున్నదెవరు? గారెల శంకర్రావు. చదువుతున్న పుస్తకం మూసేశాను. కిటికీలోంచి ఉమ్మేయాలనిపించింది. చేయి చాపాడు. చేతిలో చేయి వేశాను. నా మాట మీద నేను నిలబడితే ఈయనకు కనీసం సిగ్గైనా వస్తుంది కదా.

జూలై 12, శుక్రవారం

పొద్దున ఇల్లు చేరాను. ఒళ్లంతా నొప్పులు. అయినా నిన్నటిదంతా రాసే పడుకుంటాను. ఆలస్యమైతే శంకర్రావు తనకు అనుకూలంగా కథ మార్చేస్తాడు.

పన్వేల్ స్టేషన్ బయట అనుపమ కారుతో నిలబడి ఉంది. తనే నడిపింది. శంకర్రావు ముందు సీట్లో కూర్చుని ప్రతి మలుపులోనూ "బ్రేకు, బిడ్డా" అంటున్నాడు. "ఉన్నది అజోబా, బ్రేకు ఉన్నది" అంటుంది ఆ పిల్ల. నాన్న వైపు తాత కాబట్టి ఆయనకు ఆ మరాఠీ పిలుపు. నేను వెనక. ఘాట్ పొడుగునా రోడ్డు పక్కనే జలపాతాలు. ఎవరో గుట్ట మీద కుండలు బోర్లిస్తున్నట్టు. అద్దం దింపితే నీళ్లు ఒళ్లో పడ్డాయి. శంకర్రావు వెనక్కి తిరిగి, "స్నానం అయిందా బావా?" అన్నాడు. నిజానికి హాయిగానే ఉంది.

మురుంబా బందర్ చేరేసరికి ఊళ్లో మనిషి లేడు. పడవలన్నీ ఒడ్డు మీదికి లాగి కొబ్బరాకులు కప్పారు. లాడ్జీల తలుపులకు తాళాలు. భోజన హోటళ్ల ముందు బెంచీలు తలకిందులుగా పేర్చి తాళ్లతో కట్టారు. ఒక బోర్డు మీద "వానలు తగ్గాక కలుద్దాం" అని మరాఠీలో రాసి ఉంది. ఊరంతా దుప్పటి కప్పుకుని పడుకున్నట్టుంది. అట్లాంటి ఊరు నాకు నచ్చుతుంది. ఎవడూ వచ్చి "రండి, రండి" అనడు.

తర్వాత సముద్రం. గోధుమరంగు నీళ్లు, బోలెడు నురగ, చెవులు పగిలే హోరు. నేను ఏదైనా గొప్ప మాట అనాలని వెతుక్కుంటున్నాను. శంకర్రావు ఎడం చేత్తో గొడుగు, కుడిచేత్తో ధోతి పట్టుకుని కాసేపు చూశాడు.

"గోదారికి వరదొస్తె గిట్లనే ఉంటది గద" అన్నాడు. "అవుతలి ఒడ్డు కనవడ్తలేదు, గంతె."

నాకు ఒళ్లు మండింది. నేను అనబోయింది సరిగ్గా అదే.

ఓ పెద్ద అల వచ్చి ఆయన కుడికాలి చెప్పును తీసుకుపోయింది. ఇంకో అల తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది. తీసి ఇచ్చాను. అనుపమ నవ్వి నవ్వి తడి ఇసుకలో కూలబడింది. ఆ పిల్ల అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో.

అప్పటికి పన్నెండు దాటింది. కడుపులో ఏమీ లేదు. ఊరంతా తిరిగితే ఒక్కచోట పొయ్యి మండుతోంది. ఒక ముసలమ్మ రేకుల పంచ కింద కానాగంత చేపలు వేయిస్తోంది. వాసన గుండెదాకా పోయింది. శంకర్రావు మెడలో తులసిమాల ఉంది. ఏటా కార్తీకంలో పంఢరి విఠలుడి గుడిదాకా వారీలో నడిచే మనిషి, చేప ముట్టడు. ఆయన అవతలికి తిరిగి నిలబడి పడవలు చూస్తున్నాడు.

"తాతా, నువ్వు తింటావు కదా. ప్లేటు చెప్పనా?" అంది అనుపమ.

"వద్దు. ఆ నూనె బాగాలేదు" అన్నాను.

నిజంగానే నూనె బాగాలేదు. దూరం నుంచే తెలిసిపోతుంది.

టీ ఒక్కటి దొరికింది, చక్కెర లేకుండా. ఇద్దరికీ షుగరే. బిస్కెట్లు ఉప్పుగాలికి మెత్తబడి ఉంటే ఆయన పక్కకు పెట్టాడు. "నిలేశ్ వాళ్లింట్లో వండి పెట్టారు" అంది అనుపమ. ఇద్దరం ఒక్కసారే "వద్దు" అన్నాం. దాని ముఖం చూశాను. ఆ పిల్లకు పద్ధతి తెలుసు, ధర్మాబాద్‌లో పెరిగిందే కదా. మేం తినం అంటే అర్థమేమిటో తెలుసు. వెళ్లి కారు తీసింది.

నిలేశ్ వాళ్ల పల్లె వర్చీవాడి గుట్ట వాలులో ఉంది. ఎర్రరాతి ఇళ్లు, మెట్లుమెట్లుగా వరి మళ్లు. ఇల్లు బార్లా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. అందరూ నాట్లలో ఉన్నారు. నిలేశ్ మోకాలి లోతు బురదలో నిలబడి ఉన్నాడు. దండం పెట్టబోయాడు. రెండు చేతుల్లోనూ నారు. నారుతోనే పెట్టాడు. పక్కన వాళ్లమ్మ సుమిత్రాబాయి తలమీద ప్లాస్టిక్ గోనె కప్పుకుని నాటుతోంది. "రండి, రండి, ఈ రెండు వరసలు ఐపోతాయి" అంది మరాఠీలో. మేం వచ్చామని పని ఆపలేదు. మంచిదే. మా వైపు అయితే సంబంధానికి వచ్చిన వాళ్లను చూడగానే ఊరు ఊరంతా పని మానేసి పళ్లు తోముకునేది.

శంకర్రావు గట్టు మీద ఎంతసేపు నిలబడతాడు? పుట్టు రైతు. "గింత దూరం దూరం నాటితె ఎట్ల పండుతది?" అని గొణిగాడు. తర్వాత మరాఠీలో గట్టిగా అన్నాడు. సుమిత్రాబాయి నడుం ఎత్తకుండానే, "మా గుట్ట నీళ్లు ఆగవు, దగ్గర నాటితే కుళ్లిపోతుంది. నమ్మకం లేకపోతే దిగి చూడండి" అంది. ఈయన ధోతి ఎగ్గట్టి దిగిపోయాడు.

నేను గట్టు మీదే ఉండి నిలేశ్‌ను పరీక్షించాను.

"ఏం పుస్తకాలు చదువుతావు?"

"పెద్దగా చదవను కాకా."

"మరి?"

"లిఫ్ట్‌లో మనుషులు ఇరుక్కుంటారు కదా. తలుపు తెరుచుకునేదాకా బయటి నుంచి వాళ్లతో మాట్లాడుతుంటాను."

"ఏం మాట్లాడతావు?"

"పొద్దున ఏం తిన్నారని అడుగుతాను. తిండి మాట ఎత్తితే ఎవరైనా కాస్త భయం మరిచిపోతారు."

జవాబు ఫరవాలేదు. రాసుకోవలసినంత గొప్పదేం కాదు.

అప్పుడు శంకర్రావు గట్టు మీద కూర్చోవడం చూశాను. కూర్చున్న తీరు బాగాలేదు. వానలో తడుస్తున్న మనిషికి చెమట ఎట్లా పడుతుంది? నాకు ఆ చెమట తెలుసు. పొద్దున రైల్లో షుగర్ గోలీ వేసుకున్నాడు, ఆ తర్వాత ఏమీ తినలేదు. నిలేశ్, నేను చెరో భుజం పట్టి వసారాలోకి తెచ్చాం. సుమిత్రాబాయి బురదకాళ్లతోనే లోపలికి పరిగెత్తి పళ్లెం తెచ్చింది. పసుపాకులో ఉడికించిన బియ్యప్పిండి పాతోళీలు, లోపల బెల్లం, కొబ్బరి.

శంకర్రావు తల పక్కకు తిప్పాడు. "నక్కో."

"బావా, షుగర్ పడిపోయింది. ఒక్క ముక్క నోట్లో పెట్టుకో" అన్నాను.

"మాటిచ్చిన." పెదవులు తెల్లబడ్డాయి. "నీకే ఇచ్చిన గద బావా. ఇరవై ఏడేండ్లకు ఒక్క మాటిచ్చిన నీకు. తప్పను."

సుమిత్రాబాయికి ఏమీ అర్థం కాలేదు. మురికి చేతులతో తెచ్చానని అనుకున్నట్టుంది, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. అనుపమ స్తంభం పట్టుకుని నిలబడింది. అది శంకర్రావును చూడడం లేదు, పళ్లెం చూస్తోంది.

నేను పళ్లెం లాక్కుని ఒక పాతోళీ విప్పి నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. మింగాను. నోరు తెరిచి చూపించాను కూడా.

"నేను తిన్నాను. నా మాట పోయింది. ఇక నువ్వొక్కడివి పట్టుకుని ఏం చేస్తావు?"

నా నోట్లోకి తొంగి చూశాడు. తర్వాత చేయి చాపాడు. రెండు పాతోళీలు తిన్నాక రంగు తిరిగింది. ఆ తర్వాత ఉలవపిండితో చేసిన పిఠ్లె, బియ్యపు రొట్టె వచ్చాయి. మా దగ్గర పిఠ్లె శనగపిండితో చేస్తారు, ఉలవలతో ఇంత రుచి వస్తుందని తెలియదు. శంకర్రావు మళ్లీ వేయించుకున్నాడు. ఈయనకిది అలవాటే.

నిజం రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను. నేనెందుకు తిన్నానంటే నాకు ఆకలేసింది. ఇంకే కారణం లేదు.

బయలుదేరేటప్పుడు సుమిత్రాబాయి పెరట్లోంచి పోకమొక్క ఒకటి మట్టిముద్దతో సహా పెకలించి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మా నాందేడ్ ఎండకు ఇది బతుకుతుందా?" అన్నాను. "బతికించుకోవాలి" అంది. అదేం మర్యాదో. రైల్లో రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. శంకర్రావు హాయిగా గుర్రు పెట్టాడు.

జూలై 14

పోకమొక్కను పాత పెయింట్ డబ్బాలో పెట్టాను. ఆండాళ్ "బాగున్నది" అంది. ఆవిడకు అన్నీ బాగుంటాయి.

జూలై 17. తొలి ఏకాదశి

మొక్క ఆకు ఒకటి ఎండింది. నేను ముందే చెప్పాను.

జూలై 21, ఆదివారం

అనుపమ ఫోన్.

"తాతా, ఏమనుకుంటున్నావు?"

"అనుకునేదేముంది? తిన్నాను కదా."

"నాకు తెలుసు తాతా. వాళ్లకెట్లా తెలుస్తుంది? నేను చెప్పినా పెద్దవాళ్లు చెప్పాలి అంటారు. నిలేశ్ వాళ్లమ్మ రోజూ అడుగుతోంది."

"ఆషాఢం పోనీ" అన్నాను. తిన్నాను. ఇంకేం చెప్పాలి? ఇంటిమీద జెండా ఎగరేయాలా?

జూలై 26

లైబ్రరీ కూలర్ చెడిపోయింది. చాలా సంతోషంగా ఉంది.

జూలై 30

మొక్కకు నీడ కావాలట, పుస్తకంలో చదివాను. నా పడకకుర్చీ జరిపి ఆ చోట డబ్బా పెట్టాను. మొక్క మీద ప్రేమతో కాదు. చస్తే ఆ కొంకణపు ఆవిడ నన్నంటుంది.

ఆగస్టు 5, సోమవారం

శ్రావణం వచ్చింది. వర్చీవాడి నుంచి నేరుగా నాకు పలుకు లేదు. ఇంటికి పిలిచారు, తినిపించారు, చేతిలో ఒక మొక్క పెట్టి పంపారు, నోరు మూసుకుని కూర్చున్నారు. మేమంటే అంత చులకనా? తిన్నవాళ్ల వైపు ఇంత మర్యాద ఉంటే తినిపించిన వాళ్లకు ఆమాత్రం ఉండదా?

రాత్రి అనుపమ ఆండాళ్‌తో మాట్లాడుతూ ఏడ్చిందట. నాకు ఫోన్ ఇవ్వలేదు.

ఆగస్టు 8, గురువారం

ఇది రాయడం నాకు ఇష్టం లేదు.

శంకర్రావు డాక్టర్‌కు చూపించుకోవడానికి నాందేడ్ వచ్చి మధ్యాహ్నానికి మా ఇంటికొచ్చాడు. కావాలనే చేసిందో ఏమో, ఆండాళ్ గారెలు వండింది. ఆయన మూడోది కొరుకుతుండగా అడిగేసింది.

"అన్నా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. గప్పుడు క్వార్టర్ల మా పిల్లను సూడనొచ్చి గారెలు తిని పోతివి. కార్తీకం దాక పలుకు లేకపాయె. ఎందుకన్నా? ఈయన గా ముచ్చట గిప్పటికీ నములుతనే ఉన్నడు."

శంకర్రావు గారె పళ్లెంలో పెట్టాడు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టున్నాడు, లేకపోతే గారె కింద పెట్టే మనిషి కాదు.

"నేను పలుకకపోవుడేంది చెల్లె? నేను తిన్న గద. తిన్నంక చెప్పేదేముంది? పిల్లదిక్కోల్లు మీరు మాట్లాడనీకి వస్తరని ఎదురుసూసుకుంట కూసున్న. పోయేటప్పుడు బావా అని గూడ పిలిస్తి. దినాం ఇంట్ల తిట్టుకునుడే, 'తినవెట్టిండ్రు, సప్పుడు జేస్తలేరు, గింత గీరనా' అని. ఆకరికి నేనే సిగ్గిడిసి అచ్చిన."

"అబద్ధం" అన్నాను.

"పాండురంగని సాచ్చిగ చెప్తున్న." మాల పట్టుకున్నాడు. నాకేసి తిరిగి, "మరి కొంకణపోల్లకు నువ్వేం చెప్పినవ్ బావా?" అన్నాడు.

"చెప్పేదేముంది? తిన్నాను కదా."

మాట బయటికొచ్చాక వినపడింది. ముందు ఆండాళ్ మొదలుపెట్టింది, కొంగు నోట్లో కుక్కుకుని. తర్వాత శంకర్రావు. గోడకు జారగిలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. నన్ను "గారెల రామస్వామి" అన్నాడు. ఈ జన్మలో క్షమించను.

ఆండాళ్ ఫోన్ తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. "పిల్ల ఏడుస్తున్నది. మల్ల కార్తీకం దాకనా?"

వర్చీవాడికి చేశాను. శంకర్రావు నా చెవి పక్కనే చెవి పెట్టి కూర్చున్నాడు. సుమిత్రాబాయి ఎత్తీ ఎత్తగానే ఒకటే అడిగింది.

"మొక్క ఎట్లా ఉంది?"

"బతికింది" అన్నాను. "పొద్దున కొత్త ఆకు విప్పింది."

అవతల ఆవిడ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "హమ్మయ్య. అడిగితే పోయిందంటారేమోనని ఇన్నాళ్లూ ఫోన్ చేయలేదు. మా పెరటి పోకమొక్క సంబంధం కలుపుకున్న ఇంటికే ఇస్తాం కాకా. ఆ రోజే మీ చేతిలో పెట్టాం. మీరేమీ అనలేదు. మీకు ఇష్టం లేదేమో అనుకుంటున్నాం."

"ఇష్టం లేకపోవడమేమిటి? మేమిద్దరం మీ ఇంట్లో తిన్నాం కదా."

"తింటే ఏమిటి? మా ఇంటికి వచ్చినవాళ్లంతా తింటారు."

ఈ మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మరాఠీలో, విడివిడిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాను. "మాకు మీ అబ్బాయి ఇష్టం. మీ ఇల్లు ఇష్టం. నాకూ ఇష్టం, శంకర్రావుకూ ఇష్టం." పక్క నుంచి శంకర్రావు "పిఠ్లె గూడ ఇష్టం, చెప్పు" అని పొడిచాడు.

ఆగస్టు 9

అనుపమ పొద్దున్నే ఫోన్ చేసి ఏం మాట్లాడిందో దానికే తెలియదు. నవ్వు మాత్రం సముద్రం దగ్గర నవ్విన నవ్వే. ముహూర్తం వానలు తగ్గాకట. ముహూర్తం కంటే ముందే నాట్లు ఎట్లా ఉన్నాయో చూడాలని శంకర్రావు గొడవ. దూరం దూరం నాటితే పండదని ఇంకా అంటున్నాడు. పండుతుందని నేనన్నాను. నాకు వరి గురించి ఏమీ తెలియదు.

ఆగస్టు 11, ఆదివారం

ధర్మాబాద్ అంతా శంకర్రావు చెప్పుకుని తిరుగుతున్నాడట: సంబంధం తనే ఖాయం చేశాడట, వర్చీవాడిలో ముందు తనే చేయి కడిగాడట, మొహమాటపడుతున్న నన్ను తనే కూర్చోబెట్టి తినిపించాడట. మా అమ్మాయే చెప్పింది, నవ్వుతూ.

అందుకని ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. ఆ ఇంట్లో మొదటి ముద్ద నాది. శంకర్రావుది నా తర్వాత. అనుపమ సాక్షి. స్తంభం పట్టుకుని, నేను మింగేదాకా నా గొంతే చూస్తూ నిలబడింది.